పైడితల్లి పెద్దమ్మ నోరు విప్పని ఉదయం

జూన్ 8

జాలర్ల సంఘం మీటింగు. ఫిషింగ్ హార్బర్‌లో మేం కూర్చుని చేపలమ్ముకునే షెడ్డుని ఐసు కంపెనీకి ఇచ్చేయాలట. చేతులెత్తి తేల్చారు. సంఘంలో ఓటు మగవాళ్లకే. ఎమ్మెల్యేకి వేస్తాం, ఎంపీకి వేస్తాం, మా షెడ్డు దగ్గరకొచ్చేసరికి వెనక నిలబడి చూడాలి.

కంపెనీ వైపు చెయ్యెత్తిన వాళ్లలో గోపి ఉన్నాడు. నా మొగుడు.

జూన్ 8, సాయంత్రం

ఎందుకెత్తావని అడిగాను. ప్రెసిడెంటు అర్జునరావు బోటులోనే ఏటకెల్తన్నాను, ఎత్తకపోతే రేపు ఎక్కనిత్తాడేటి అన్నాడు. నిజమే. అందుకే ఇంకా మండింది.

జూన్ 11

పైడితల్లి పెద్దమ్మ మమ్మల్నందర్నీ కూర్చోబెట్టింది. ఈ రేవులో వేలానికి మొదటి ధర ఆవిడే చెప్పాలి. ఆవిడ చెప్పేదాకా ఎవరూ పాడరు. వాళ్ల అత్తగారి నాటి నుంచీ ఆనవాయితీ. ఈపాలి మొదటి బోటొచ్చిన్నాడు నాను నోరిప్పను, మీరూ ఇప్పకండి అంది. ఎవరి బోటైనానా అని అడిగాను. నా మొహంలోకి చూసి, ఎవురిదైనా అంది.

జూన్ 15

చేపల వేట మీద నిషేధం అయిపోయింది. రెండు నెలల తర్వాత గోపి వేటకెళ్లాడు. మొదట ఇంకెవరి బోటైనా రావాలని మొక్కుకున్నాను. సిగ్గేసింది.

జూన్ 19

గోపి వెళ్లిన అర్జునరావు బోటే మొదట వచ్చింది.

వంజరాలు, చందువాలు కుప్పపోశారు. వేలం వేసే అతను పిలిచాడు. పెద్దమ్మ పలకలేదు. మళ్లీ పిలిచాడు. ఎప్పుడూ గోలగా ఉండే చోట ఐసు నీళ్లు కారే చప్పుడు వినిపించింది. బయటి వ్యాపారులు కూడా ఆవిడ వైపే చూస్తూ ఊరుకున్నారు. ఆ కుప్పలో గోపి వాటా ఉంది. మా ఇంటి బియ్యం ఉంది. గోపి నన్ను చూశాడు. బతిమాలలేదు. బతిమాలితే తిట్టి ఊరుకునేదాన్ని. నోరు మూసుకునే ఏడ్చాను.

ఎండెక్కింది. ఈగలు ముసిరాయి. ఆడోల్లకి ఇంత పొగరేటని అర్జునరావు అరిచాడు. కాసేపటికి తనే పెద్దమ్మ దగ్గరకొచ్చి, సెడ్డు సంగతి మల్లీ ఓటుకెడతాం, పాట మొదలెట్టు అన్నాడు. పెద్దమ్మ లేచి ధర చెప్పింది. అప్పటికే సగం చేప మెత్తబడిపోయింది.

జూన్ 20

గోపి అన్నం తిన్నాడు. కంచం తనే కడుక్కున్నాడు.

జూన్ 22

మళ్లీ మీటింగు. షెడ్డు ఆడవాళ్లకే ఉంచాలనేవాళ్లు చేతులెత్తమన్నారు. గోపి ఎత్తాడు, అర్జునరావు ఎదురుగా. వెనక మేమూ ఎత్తాం. లెక్కపెట్టేవాడు మగవాళ్ల ఆఖరి వరసలో ఆగిపోయాడు.

షెడ్డు మిగిలింది. మా చేతులు లెక్కలోకి రాలేదు. దించమని మాత్రం ఎవరూ అనలేదు.

దించలేదు.