గడ్డికి వేసిన కుట్లు

మామయ్యా, తొందరగా డ్యూటీకి వెళ్తున్నాను. మన లాన్ చాపలా ఎందుకు లేచొస్తోందో తెలిసింది. కింద తెల్లటి వేరుపురుగులు చేరి గడ్డి వేళ్ళన్నీ కొరికేశాయి.

గుళికల మందు తలుపు వెనక, పై అరలో పెట్టాను. ఎండ తగ్గాక గ్లౌజులు తొడుక్కుని, ప్యాకెట్ మీద రాసినంతే చల్లండి. "ఇంకో గుప్పెడు వేస్తే పోలా" అనొద్దు. చల్లిన వెంటనే నీళ్ళు బాగా పెట్టండి. మందు కొట్టుకుపోతుందని బెంగ పడకండి, పురుగు ఉన్నచోటిదాకా అది దిగాలి కదా. గడ్డి పూర్తిగా ఆరేదాకా చంటిదాన్ని అటు పోనివ్వకండి.

నలభై ఏళ్ళు మిషన్ తొక్కిన టైలరు మీరు, కాదనను. కానీ లేచిన గడ్డిని పిన్నులతో నేలకి కుట్టేసిన మనిషిని మిమ్మల్నే చూశాను! అవి నా తలపిన్నులు. వాటికోసం నెలరోజులుగా మీ అబ్బాయిని సాధిస్తున్నాను. పాపం, ఆయనకి మీరే చెప్పుకోండి.

చంటిదానికి గుచ్చుకుంటాయని పిన్నులన్నీ పీకేశాను.

ఇంకో మాట. గోడవార, మొక్కల వెనక ఉన్న వరస మాత్రం వదిలేశాను. అంత తిన్నగా కుట్టారు, పీకడానికి చేతులు రాలేదు.