‘గొంతు:’ చిరునామాలు

ప్రియమైన అత్తయ్యగారికి,

నమస్కారం. చూపులేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే లైబ్రరీలో చేరానుగా, అక్కడ పెద్ద చిక్కొచ్చి పడింది. పాత రికార్డింగుల చిరునామాలు అందరిలా http అని కాకుండా ‘గొంతు:’ అని మొదలవుతాయి. అప్పటివాళ్ల సొంత పద్ధతి, అంటే సొంత ప్రోటోకాల్. మా జావా ప్రోగ్రామ్‌కి అది చూపిస్తే, ‘ఈ ప్రోటోకాల్ నాకు తెలీదు’ అని మొహం తిప్పుకుంటోంది. వాటిని పలికిస్తేనే నా ఉద్యోగం ఖాయమట.

ఇన్నేళ్లు ప్రోగ్రామర్‌గా చేసి రిటైరైన మిమ్మల్ని కాక ఇంకెవర్ని అడగను? ఫోన్లో కోడ్ చెప్పుకుంటే తలాతోకా ఉండదు, కాస్త రాసి పంపండి.

మీ కోడలు

ప్రియమైన అమ్మాయికి,

నీ ఉత్తరం చూసి నా కాళ్లు నేల మీద నిలవలేదు. రిటైరయ్యాక ఈ ఇంట్లో నన్నడిగే ప్రశ్న ఒక్కటే, మీ మామయ్య కళ్లజోడు ఎక్కడుందని.

‘గొంతు:’ చిరునామాని తెరవడం తెలిసిన కోడ్ ముక్క, ఒక క్లాసు, రాయి. దాన్ని హ్యాండ్లర్ అంటారు. ఏ ప్రోటోకాల్‌కి ఏ హ్యాండ్లరో చెప్పే ఫ్యాక్టరీ ఇంకోటి రాసి, ప్రోగ్రామ్ మొదలవగానే జావాకి అప్పగించు. చిటికెలో పని.

వేళకి తిను. మావాడి వంటని నమ్ముకోకు.

ఆశీస్సులతో, అత్తయ్య

ప్రియమైన అత్తయ్యగారికి,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకండి. మీరు చెప్పినట్టు చేస్తే నా కంప్యూటర్లో చక్కగా పలికింది. ఆఫీసులో మాత్రం చిన్న తకరారు. పెద్దదేం కాదు, మీరు బెంగపెట్టుకోకండి.

మీ కోడలు

ప్రియమైన అమ్మాయికి,

పెద్దదేం కాదా? మావాడు అంతా చెప్పాడు. జావా ఒక్క ఫ్యాక్టరీకే చోటిస్తుంది. మనది ముందెళ్లి కూర్చుంటే, లాగిన్ విభాగం వాళ్లది చోటులేక కూలబడింది. పొద్దున్నంతా ఒక్క శ్రోత కూడా లోపలికి రాలేకపోయాడట. ఈ ఆలోచన ఎవరిదని మేనేజరమ్మ నిలదీస్తే నాదేనన్నావట! శుక్రవారంలోగా సరిచేయకపోతే ఇంటికే అన్నారట. నేను ఎప్పుడూ ఒంటరిగా కోడ్ రాసుకున్నదాన్ని, ఇంకొకరి ఫ్యాక్టరీ ఉంటుందని తట్టనే లేదు.

ఈసారి కూర్చుని నడిపించి చూసి మరీ రాస్తున్నాను. ఆ ఫ్యాక్టరీ తీసెయ్. ‘గొంతు:’ చిరునామాకి URL ఆబ్జెక్ట్ తయారుచేసే చోటే నీ హ్యాండ్లర్‌ని కూడా దాని చేతికివ్వు. ఎవరికీ అడ్డం రాదు. మేనేజరమ్మకి తప్పు నాదని చెప్పు. నా తప్పు నీ నెత్తిన వేసుకున్నావు, నీ రుణం ఎలా తీర్చుకోను తల్లీ?

తల ఎత్తుకోలేని మీ అత్తయ్య

ప్రియమైన అత్తయ్యగారికి,

పలికింది! ఎవరో పెద్దావిడ గొంతు సవరించుకుని, ‘మొదటి అధ్యాయం’ అంది. లాగిన్ వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. నా ఉద్యోగం ఖాయమైంది.

రుణమంటారేంటి? పెళ్లైన కొత్తలో ఇంటర్వ్యూ పోయి ఏడుస్తుంటే, ‘ఉద్యోగం లేకపోతే ఏం’ అన్నారు అందరూ. మీరొక్కరే పక్కన కూర్చుని, ‘ఏమడిగారు? నువ్వేం చెప్పావు?’ అన్నారు. ఆ పూట మీరలా కూర్చోకపోతే నేనీ ఆఫీసు గుమ్మం ఎక్కేదాన్నే కాదు. అలాంటి మిమ్మల్ని పరాయివాళ్ల ముందు దోషిగా నిలబెడతానా?

అయినా మీ మాట కాదనలేక మేనేజరమ్మకి జరిగిందంతా చెప్పాను. ఆవిడ అంతా వింది. తర్వాత, ‘ఇలాంటి వింత ప్రోటోకాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. తప్పు చేశానని ఒప్పుకుని, కూర్చుని సరిచేసే మనిషి మనకెక్కడ దొరుకుతారు? జీతమిచ్చి పెట్టుకుందాం, వస్తారేమో అడుగు’ అంది.

వచ్చెయ్యండి అత్తయ్యా. మీ పక్కన కూర్చుని పనిచేయాలని నాకెప్పటినుంచో ఉంది.

మీ కోడలు