బావ బండి

సూరత్,
డిండోలి.

అన్నా,

దశరథం బావ బండి విడిపించాను. బావను మగ్గం దగ్గర నుంచే అంబులెన్సులో తీసుకెళ్లారు కదా, ఇంకొందరికీ కరోనా సోకడంతో కార్ఖానా మూసేశారు. బండి లోపలే ఉండిపోయింది. బావ పోయాక, ఇప్పుడు కార్ఖానా తెరిచారు. పార్కింగ్ గుత్తకు తీసుకున్న నరహరి మూసి ఉన్న నెలలన్నిటికీ కిరాయి అడిగాడు.

“తాళం మీరే ఏసిండ్రు. బండి ఎట్ల తీస్కపోవాలె?” అన్నాను.

“బండి పెట్టినోన్నే రమ్మను.”

“ఆయన పోయిండు.”

“గట్లయితే సగం ఇయ్యి.”

అది విని పనివాళ్లంతా మగ్గాలు ఆపేసి వచ్చి నిలబడ్డారు. అప్పుడుగానీ బండి వదల్లేదు.

ఇంటి ముందు ఆపగానే నాన్న బండి చప్పుడు విని నవత పరుగున వచ్చి తలుపు తీసింది. నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. అక్క ఎంత బతిమాలినా అన్నం ముట్టడం లేదు. మేనమామవు, జర ఫోన్ చేసి మాట్లాడు.

నీ తమ్ముడు