సిపాయిల అడుగున చెక్కిన పేరు

నాన్నగారూ,

పామర్రు వెళ్తున్నాను, సాయంత్రానికి వస్తాను. గ్యాస్ వాడొస్తే ఖాళీ బండ ఇచ్చేయండి. బీపీ మాత్ర మర్చిపోకండి. బల్ల మీద బొమ్మ సిపాయిలతో పరిచిన యుద్ధం కదపొద్దని అమ్మకి చెప్పండి.

మొన్న నా పాడ్‌కాస్ట్‌లో ఈ సిపాయిలు ఎక్కడివని వినేవాళ్ళొకరు అడిగితే, ఇంగ్లండ్ నుంచి తెప్పించానన్నాను. చిలకలపూడిలో గిల్టు నగలు చేసే మా నాన్నగారే పోతపోశారని చెప్పడానికి నామోషీ అనిపించింది. మీరు వింటారనుకోలేదు.

పొద్దున మీరు కొత్తగా చేసిపెట్టిన పది సిపాయిల్నీ తిరగేసి చూశాను. నా అబద్ధం బయటపడకూడదని ఒక్కోదాని అడుగునా ‘ఇంగ్లండ్’ అని చెక్కారు. మీ మొహం చూడలేక, లేపకుండానే వెళ్తున్నాను.

తా.క.: మీ ఆకురాయి కోసం వెతుక్కోకండి. ఆ పది సిపాయిలతో పాటు నా సంచిలో ఉంది. ఆ పేరు అరగదీసే ఇంటికొస్తాను.