వెన్న డబ్బాలో బిస్కెట్లు

గోపన్‌పల్లి

అక్కకు, నీ చెల్లెలు సుజాత దండం పెట్టి రాసేది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వు, పిల్లలు బాగున్నారా? బావ మోకాలి నొప్పి తగ్గిందా? ఈ సంగతి ఫోన్లోనే చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ బర్రె పాలిస్తోందా అని అడిగి పెట్టేశాను.

మా బేకరీ బిస్కెట్లు హైటెక్ సిటీ ఆఫీసులకు పోతాయి కదా. చేరిన కొత్తలో నేను చేసిన ఘనకార్యం నీకు చెప్పలేదు. మనం గరిజెల పిండిలో వేడి నెయ్యి పోసినట్టే, వెన్న కాచి పిండిలో పోశాను. తీసి చూస్తే ట్రే నిండా ఒకటే రొట్టె! బేకరీ నడిపే మేడమ్ తల పట్టుకుంది. "కరిగించకూడదమ్మా, చల్లటి వెన్నని పంచదారతో గిలకొట్టాలి. ఆ గాలి వల్లే గుల్లగా వస్తాయి" అని దగ్గరుండి నేర్పింది.

బేకరీలో నీ వెన్న తీసుకుంటారని నీకు ఆశ పెట్టింది నేనే. నువ్వు పంపిన వెన్నతో చేస్తే బిస్కెట్లు మెత్తబడ్డాయి. ఇంటి వెన్నలో నీళ్లుంటాయట. నేను ఊరుకోలేదు. మిగిలింది నెయ్యి కాచి, పేరుకున్నాక మళ్లీ చేశాను. నోట్లో వేసుకుంటే కరిగిపోయాయక్కా.

వాటి పక్కన వనస్పతితో చేసినవి కూడా పెట్టి ఆఫీసువాళ్లకు రుచి చూపించారు. ఒకమ్మాయి నీ నెయ్యి బిస్కెట్ కొరికి, ఏదో వాసనొస్తోందని పక్కన పెట్టేసింది. అందరూ వనస్పతివే అడిగారు. అవి విరగవు, ఎన్నాళ్లున్నా కరకరలాడతాయి. మేడమ్ ఇక వెన్న కొనడమే మానేసింది. నాతో పనిచేసే యాదమ్మ "ఏం ఫికర్ జేస్తవ్, ఈడ గిట్లనే ఉంటది" అంది. దిగులు పడకుండా ఎలా ఉంటాను?

బేకరీని నమ్ముకుని రెండో బర్రెను కొనకక్కా. నీకు దండం పెడతాను, కొనకు. అది వస్తే పత్తి ఏరడానికి పోవడం మానేస్తానన్నావు. ఆ మాటే నాకు పదే పదే గుర్తొస్తోంది. ఇంకో దారేదైనా చూస్తానని రాయాలనుంది గానీ, నాకే దారీ కనిపించడం లేదు.

మీ అత్తమ్మకు నా దండాలు చెప్పు. నన్ను ఎంతైనా తిట్టు, కానీ తిట్టాక దీవించు.

నీ వెన్న డబ్బా కడిగి, మనూరి యాదగిరన్నతో పంపుతున్నాను. వట్టి డబ్బా పంపకూడదని బిస్కెట్లు నింపాను. అన్నీ వనస్పతివే. పిల్లలకు బాగా నచ్చుతాయి. అదే నా బాధ.

నీ చెల్లెలు,
సుజాత