నల్ల స్క్రీన్, పసుపు అక్షరాలు

కరీంనగర్,
ఆదివారం

అక్కా,

నీకూ బావకూ వందనాలు. ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. నీ గొంతు వింటే నాకు ఏడుపొస్తుంది. నీ పక్కనే ఉండే అవ్వకు తెలిసిపోతుంది. అందుకే మెయిల్‌లో రాస్తున్నాను. అవ్వకు మాత్రం చెప్పకు.

నాకు చూపు పోతోంది అక్కా. బాపుకు పోయినట్టే.

రెండేళ్లయింది. మొదట్లో సాయంత్రం పూట గడపలు, కుర్చీలు తగిలేవి. తర్వాత రెండు పక్కల నుంచీ మూసుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, దాని పక్కన ఉన్నది కనిపించదు. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. ఆఫీసు ట్రైనింగని మీ మరిది తిమోతికి చెప్పి, హైదరాబాద్‌లో కంటి డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే పోయొచ్చాను. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని ఆమె అడిగితే బాపు సంగతి చెప్పాను. ఆ తర్వాత ఆమె మాట మెత్తబడింది. అప్పుడే అర్థమైంది నాకు. స్కూటీ నడపడం మానేసింది అందుకే. ట్రాఫిక్ అంటే భయమని తిమోతిని నమ్మించాను.

ఇన్నాళ్లూ ఉద్యోగం ఎలా చేశానంటావా? మా బ్లడ్‌బ్యాంకుకు ఖానాపూర్, ఇచ్చోడ లాంటి ఊళ్ల ఆసుపత్రుల నుంచి మెయిళ్లు వస్తాయి. ఏ పేషెంటుకు ఏ గ్రూపు రక్తం కావాలో చదివి కింద ల్యాబ్‌కు బుకింగ్ పంపడం నా పని. ఆఫీసులో అందరూ బ్రౌజర్ తెరిచి వెబ్‌మెయిల్ చూస్తారు. నేను మాత్రం కంప్యూటర్ కోర్సులో నేర్చుకున్న పాత టెక్స్ట్ ఎడిటర్‌లో చూస్తాను. అది రాసుకోవడానికి చేసిన ప్రోగ్రాం. మెయిళ్లు కూడా అందులోకే వచ్చి పడేలా అమర్చుకోవచ్చు. బొమ్మలుండవు, బటన్లుండవు, మౌస్‌తో పని లేదు. నల్ల స్క్రీన్ మీద పసుపు అక్షరాలు, నాకు కావలసినంత పెద్దవిగా. ఒక మెయిల్ తర్వాత ఇంకొకటి, ఒక వాక్యం కింద ఇంకొకటి, అన్నీ నా గొట్టంలోకే వస్తాయి. అంతా వేళ్లకే తెలుసు. చూసేవాళ్లు నాదేదో పాతకాలపు పిచ్చి అనుకున్నారు. అదే నాకు మేలైంది.

ఇప్పుడు అది పోతోంది. పాత ప్రోగ్రాంలకు పాస్‌వర్డ్ ఇస్తే దొంగలు చొరబడతారని, వచ్చే వారం నుంచి అందరూ వెబ్‌మెయిల్‌లోనే చేయాలని ఆర్డరు వేశారు. మా కంప్యూటర్లు చూసే ఉజ్వల్ వెనక నిలబడి నేర్పించాడు.

"కుడి దిక్కు మీద నీలం బటన్ ఉంది సూడున్రి మేడం."

"ఏడ?"

"గదే, మీ ముంగటనే."

మౌస్ బాణం ఎక్కడుందో తెలియదు, బటన్ ఎక్కడుందో తెలియదు. అద్దాలు షాపులో ఇచ్చానని అబద్ధమాడాను. అక్షరాలు పెద్దవి చేస్తే సగం పేజీ అవతలికి పోతుంది. అతను మంచివాడే. నా పరేషాన్ చూసి తనే అన్నాడు: "మీకు నల్ల స్క్రీనే కావాల్నంటే కొత్త పద్ధతిల గూడ జోడిస్త మేడం, జర మెహనత్ అయితది గంతే. కానీ ఎందుకు కావాల్నో ఒక్క ముక్క రాసియ్యిన్రి. సెక్రటరీ సార్ అడుగుతడు."

ఆ ఒక్క ముక్కే రాయలేకపోయాను. 'అలవాటు' అని రాశాను. సెక్రటరీ జైపాల్‌రావు గారు పిలిచి, "అలవాటంటే ఎట్లనమ్మా? రేపు అందరు తలా ఒక అలవాటు చెప్తరు" అని కాగితం వెనక్కిచ్చారు.

నిజం చెబితే, చూపు లేనిదాని చేతిలో రక్తం బుకింగ్ ఎవరు పెడతారు? తిమోతికి చెబితే, అవ్వ బాపును జాలిగా చూసినట్టే నన్ను చూస్తాడేమో. అందుకే నెలాఖరున రాజీనామా ఇచ్చేస్తాను. నడుం నొప్పి అని రాస్తాను. అప్పటిదాకా ఎలాగో నెట్టుకొస్తాను. నీకొక్కదానికైనా తెలియాలని ఇది రాశాను.

నీ చెల్లె,
ప్రిస్కిల్లా


కరీంనగర్,
శనివారం

అక్కా,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను. మొన్న నా చేతుల మీదుగా ఒక మనిషి ప్రాణం పోయేది.

ఖానాపూర్ నుంచి మెయిల్ వచ్చింది. కాన్పైన అమ్మాయికి రక్తం ఆగడం లేదు, వెంటనే పంపండని. వెబ్‌మెయిల్‌లో ఒకే ఆసుపత్రి నుంచి వచ్చిన మెయిళ్లు ఒకే తలకట్టు కింద దొంతరగా పడతాయి. ముందు రోజు మెయిల్ పైన, ఆ రోజుది కింద. నేను పైదాన్ని చదివాను. ఓ పాజిటివ్. అది వేరే పేషెంటుది. ఈ అమ్మాయిది ఓ నెగెటివ్. అక్షరాలు పెద్దవి చేసుకుని ఉన్నాను కనుక కింద ఇంకొకటి ఉందనే నాకు కనిపించలేదు. బుకింగ్ పంపాను, బండి వెళ్లిపోయింది.

అక్కడ ఎక్కించే ముందు సంచి మీద గ్రూపు చూస్తే అమ్మాయి గ్రూపుతో కలవలేదు. ఫోన్ వచ్చింది. మా ల్యాబ్ సిద్దిరాములు పైకి పరుగెత్తుకొచ్చాడు. "మేడం, కింది మెయిల్ల నెగెటివ్ అని రాసుంది గదా. మీరు సూడలేదా?" అన్నాడు. అతనే రెండు యూనిట్లు తీసి ఇంకో బండి పంపాడు.

ఆ బండి చేరేదాకా నేను ఫోన్ దగ్గరే కూర్చున్నాను. ఆ అమ్మాయి తల్లి, చంద్రవ్వ అట, మాటిమాటికీ ఫోన్ చేసింది. "బిడ్డా, బండి ఏడిదాక వచ్చింది?" జగిత్యాల దాటిందని చెప్పాను. "బిడ్డా, నా పిల్ల కాళ్లు సల్లవడ్డయి. జర జల్ది రమ్మను." వస్తోందమ్మా అన్నాను. ఒకసారి ఏమీ మాట్లాడకుండా ఫోన్ చెవికి పెట్టుకునే ఉంది. ఆమె ఊపిరి వినిపించింది. నేనూ పెట్టేయలేకపోయాను. అక్కా, ఆ నిశ్శబ్దంలో నేను ప్రార్థన కూడా చేయలేకపోయాను.

ఆ అమ్మాయి బతికింది. సెలైన్లు ఎక్కించి నిలబెట్టారు, బండి అందింది. చంద్రవ్వ మళ్లీ ఫోన్ చేసి, "నీ కడుపు సల్లగుండ బిడ్డా, నువ్వే మాట్లాడుకుంట ధైర్యం చెప్పినవ్" అంది. ఆ మాట వినలేక బాత్‌రూంలోకి పోయి తలుపేసుకున్నాను.

అసలు సంగతి ఇక్కడుంది. జైపాల్‌రావు గారు ఉజ్వల్‌ను అందరి ముందూ నిలదీశారు. "మంచిగ నడిచేదాన్ని చెడగొట్టి, కొత్త మెయిల్ అని తెచ్చి పానాల మీదికి తెచ్చినవ్" అన్నారు. నా వైపు తిరిగి, "నువ్వు నీ పాత దాంట్లనే చేసుకో అమ్మా. ఏ కారణం రాయనక్కర లేదు" అన్నారు. గురువారం కమిటీ కూర్చుంటుంది. ఉజ్వల్‌ను తీసేస్తారని అంటున్నారు.

ఉజ్వల్ సాయంత్రం నా కంప్యూటర్ దగ్గరికొచ్చి ఎడిటర్‌ను మళ్లీ జోడించాడు. "సరిగ్గ వస్తున్నయా సూసుకోన్రి" అన్నాడు. నల్ల స్క్రీన్ మీద పసుపు అక్షరాలు లేచాయి. ప్రాణం లేచొచ్చినట్టయింది నాకు. అలా అయినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

నేను కోరుకున్నది నోరు తెరవకుండానే దొరికింది. ఊరుకుంటే చాలు, ఉద్యోగం ఉంటుంది, గుట్టు ఉంటుంది. రాజీనామా కూడా అక్కర్లేదు. పోయేది ఉజ్వల్ ఒక్కడే. ఆదిలాబాద్‌లో తల్లి సీతాబాయిని ఇక్కడికి తెచ్చుకోవాలని ఈ మధ్యే ఇల్లు వెతుకుతున్నాడు. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ ఎడిటర్‌లో అక్షరాలు ఎన్నిసార్లు పెంచుతూ వచ్చానో నాకే తెలుసు. ఇప్పుడు ఒక వరసలో నాలుగు మాటలే పడుతున్నాయి. రేపు అందులోనూ నెగెటివ్ అన్న మాట తప్పిపోదని ఏముంది?

ఏం చేయాలో చెప్పు.

ప్రిస్కిల్లా


లక్సెట్టిపేట,
సోమవారం

చెల్లే,

నీ రెండు ఉత్తరాలూ బడిలో, పిల్లలు పరీక్ష రాస్తుంటే కూర్చుని చదివాను. వెంటనే జవాబు రాయలేకపోయాను. ఇంటికొస్తే అవ్వ "ఏమైంది, గట్లున్నవేంది" అంటూనే ఉంది. ఏం లేదన్నాను.

నువ్వు చిన్నదానివి, నీకు తెలియనిది ఒకటుంది. బాపు చర్చిలో వాక్యం చదవడం మానేసినప్పుడు గొంతు పోయిందని అందరికీ చెప్పాడు గుర్తుందా? గొంతు బాగానే ఉండేది. అక్షరాలే కనిపించలేదు. నన్ను కొట్టం వెనక్కి పిలిచి, "బిడ్డా, అవ్వకు చెప్పకు" అన్నాడు. నువ్వు రాసిన మాటే. నేను చెప్పలేదు. సంఘంలో వాళ్లు బాపుకు పాస్టరుతో పడలేదేమో అనుకున్నారు. ఎదురుపడితే పలకరించలేదని కోపం తెచ్చుకున్నారు. ఆయనకు మొహాలు కనిపించవని వాళ్లకేం తెలుసు? ఒక్కొక్కరే రావడం మానేశారు. సమ్మయ్యకు గర్వం పట్టిందన్నారు. బాపు మంచానికి అంటుకుపోయింది కళ్లు పోయినందుకు కాదు. మనుషులు పోయినందుకు.

ఒకసారి ఆ గుట్టు మోశాను. రెండోసారి మోయడం నావల్ల కాదు. బుధవారం మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను. ఆలోపల తిమోతికి నువ్వు చెప్పు. లేకపోతే నేను చెబుతాను. కోపమొస్తే రానీ.

ఉద్యోగం సంగతి నాకు తెలియదు. వాళ్లు తీసేస్తే తీసేయనీ. నడుం నొప్పని అబద్ధం రాసి మాత్రం రాకు. ఆ పిల్లవాడి మీద నింద ఉండగా నువ్వు ఆ కుర్చీలో ఒక్క రోజు కూడా కూర్చోలేవు. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని, నాకు తెలుసు.

మీ అక్క,
ఎలీసబెతు


కరీంనగర్,
శుక్రవారం

అక్కా,

అవ్వకు జ్వరం ఎలా ఉంది? రాలేకపోతున్నానని బుధవారం నువ్వు ఫోన్‌లో బాధపడ్డావు. అప్పటికే తిమోతికి చెప్పేశాను. అంతా రాస్తానన్నాను కదా, ఇదిగో.

మంగళవారం బడి నుంచి వచ్చి అతను చొక్కా విప్పుతుంటే చెప్పాను. ఆ చొక్కా చేతిలో పట్టుకునే మంచం మీద కూర్చున్నాడు. కోప్పడతాడనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను. "హైదరాబాద్ ఒక్కదానివే పోయినవా?" అన్నాడు. అవునన్నాను. "రోడ్డెట్ల దాటినవ్?" అన్నాడు. ఎవరో ముసలాయన దాటుతుంటే వెనక నడిచానని చెప్పాను. ఆ తర్వాత అన్నం తింటూ ఒకసారి, గిన్నెలు కడుగుతూ ఒకసారి, అదే అడిగాడు. రోడ్డెట్ల దాటినవ్ అని. కోపం మర్నాడు వచ్చింది. "నన్ను పరాయోణ్ని చేసినవ్" అన్నాడు.

గురువారం కమిటీ పైగదిలో కూర్చుంది. ఉజ్వల్‌ను గోడ పక్కన నిలబెట్టారు. నన్ను పిలవలేదు. నేనే తలుపు తోసుకుని పోయాను.

"తప్పు మెయిల్‌ది కాదు సార్. ఉజ్వల్‌ది అసలే కాదు. నాకు పక్కలకు కనబడది. చూపు పోతుంది."

జైపాల్‌రావు గారు కళ్లద్దాలు తీశారు. "ఎప్పటిసంది?"

"రెండేండ్లు."

"రెండేండ్ల సంది మేం పేషెంట్ల పానాలు నీ చేతుల పెట్టినమా?"

నేను తల వంచుకోలేదు. వంచుకుంటే ఆయన మొహం కనిపించదు. "అవును సార్. చెప్తే తీసేస్తరని భయపడ్డ."

"తీసేసుడు తర్వాత. గా పిల్ల సచ్చిపోతే ఏం చేస్తుంటివి?"

అప్పటికప్పుడే సిద్దిరాములును పిలిపించి బుకింగ్ పని అతనికి అప్పగించారు. ఇక మీద ప్రతి మెయిల్ ఇద్దరు చదవాలని రాసుకున్నారు. నన్ను బయట కూర్చోమన్నారు. లోపల గొంతులు పెరిగాయి, తగ్గాయి. తలుపు తెరిచాక జైపాల్‌రావు గారే చెప్పారు. నా మీద హెచ్చరిక నమోదు చేస్తారట. బుకింగ్ జోలికి పోకుండా, రక్తం ఇచ్చేవాళ్లతో ఫోన్లు, ఉత్తరాలు చూసుకోవాలట. "కొన్నాళ్లు సూస్తం. తర్వాత ఏమంటమో ఇప్పుడే చెప్పలేను" అన్నారు. మెచ్చుకోలేదు, జాలిపడలేదు. అది నాకు నచ్చింది. ఉజ్వల్ మీద ఏమీ లేదని కాగితం మీద పెట్టించారు.

ఉజ్వల్ వరండాలో ఉన్నాడు. క్షమించమన్నాను.

"నా మీదికొచ్చినంక గూడ వారం దినాలు ఊకున్నరు మేడం," అన్నాడు. "మా అవ్వకు ఫోన్ చేసి ఇల్లు ఇప్పుడే వద్దని చెప్పిన."

అతనే మళ్లీ అన్నాడు, నా వైపు చూడకుండా. "గా ఎడిటర్ సదివి వినిపిస్తది గూడ. చెవుల పెట్టుకుంటే అక్షరం అక్షరం చెప్తది. సూపు లేనోళ్లు పెద్ద పెద్ద పనులు చేస్తున్నరు దాంతోని. మీరు గా దినం ఒక్క ముక్క చెప్పి ఉంటే గప్పుడే పెడుదు."

అక్కా, నేను ఆ నల్ల స్క్రీన్ వెనక దాక్కున్నాను. అది నాతో మాట్లాడగలదని అడిగి తెలుసుకోలేదు. అడిగితే ఎందుకని అంటారు కదా.

అప్పుడు నేను కిందికి పోవాలి. మా ఆఫీసు మెట్ల మలుపులో లైటు ఉండదు. రోజూ అందరూ దిగిపోయాక, గోడ పట్టుకుని దిగేదాన్ని. నిన్న అందరూ ఉన్నారు.

"ఉజ్వల్, జర చెయ్యి ఇస్తవా? గీ మలుపు కాడ నాకు కనబడది."

అతను వెంటనే కదల్లేదు. కోపం ఇంకా పోలేదు, పోవాలని నేనూ అనుకోలేదు. తర్వాత దగ్గరికొచ్చి మోచెయ్యి ముందుకు పెట్టాడు. పట్టుకున్నాను. "మెట్టు," అన్నాడు. "ఇంకో మెట్టు. గీడ మలుపు."

కింద హాల్లో మాటలు ఆగిపోయాయి. అందరూ మా వైపే చూస్తున్నారని నాకు తెలుసు. చూడనిచ్చాను.

అవ్వకు ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించు.

నీ
ప్రిస్కిల్లా