గోరువెచ్చని రంపపు పొట్టు

అమ్మమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కొల్లేటికోట ఇంట్లో నువ్వు పొయ్యిలో కూరి మండించే రంపపు పొట్టు నుంచే మా గూడెం కాలేజీ లాబులో ఇంధనం తీశాను, తెలుసా!

పొట్టును యాసిడ్‌లో ఉడికిస్తే అందులోని చక్కెర నీళ్లలోకి దిగుతుంది. సున్నంతో యాసిడ్ పోగొట్టి బ్యాక్టీరియా కలిపితే, అది పులిసి ఆల్కహాలవుతుంది. రెండుసార్లు ఆత్రంకొద్దీ వేడి మీదే కలిపి బ్యాక్టీరియాను చంపేశాను. "పాలు గోరువెచ్చగా అయ్యాకే తోడెయ్యవే, ఏంటా తొందర?" అని నువ్వు తిట్టడం గుర్తొచ్చింది. మూడోసారి, థర్మామీటరు పక్కనే ఉన్నా, ఫ్లాస్కును చెంపకి ఆనించి చూసుకున్నాను.

పులిసినదాన్ని మరిగించి ఆవిరి పడితే, ఇవాళ వచ్చిన నాలుగు చుక్కలూ నీలంగా మండాయి.

రికార్డులో కృతజ్ఞతల దగ్గర నీ పేరు రాశాను.

"ఈవిడది ఏ కాలేజీ అమ్మా?" అన్నారు సార్.

"కొల్లేటికోటండి" అన్నాను.